వీక్లీ టెస్టులో మార్కులు పడిపోయాయా? పిల్లల్ని మళ్ళీ పుస్తకం ముందుకు తేవడం ఎలా

"మేడమ్, మావాడికి కాస్త మోటివేషన్ ఇవ్వండి." ఈ మాట వారానికి నాలుగైదుసార్లు వింటాను. మన విశాఖ ఎంవీపీ రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటుంటే ఒకరు, లిఫ్ట్‌లో ఒకరు, రాత్రి పది దాటాక వాట్సాప్‌లో ఇంకొకరు. మందుల షాపులో దగ్గు సిరప్ అడిగినట్టు అడుగుతారు. నేను ఇంటి దగ్గర తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను, అంతే. మోటివేషన్ నా దగ్గర లేదు. కానీ ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటుంది: హుషారు వచ్చాక చదువుదామని కూర్చుంటే అది రాదు, ఏదో ఒక చిన్న పని పూర్తయితే దాని వెనకే వస్తుంది. కాబట్టి మనం చెయ్యాల్సింది ఉపన్యాసం కాదు, ఆ చిన్న పని పూర్తయ్యేలా చూడటం. ఎలాగో కింద రాస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తాను, నాకూ గొంతు నొప్పి తగ్గుతుంది.

ఇది ముఖ్యంగా టెన్త్, ఇంటర్ పిల్లలున్న ఇళ్ళకి. ఇంకా చిన్న పిల్లలైతే 3, 4, 5 అంచెలు చాలు.

మొదలుపెట్టే ముందు ఇది చూసుకోండి

పిల్ల తిండి మానేసినా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉన్నా, స్నేహితులతో కూడా మాటలు ఆపేసినా, ఇష్టమైన వస్తువులు ఊరికే పంచిపెట్టేస్తున్నా, ఒంటి మీద గాట్లు కనపడినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, ఈ అంచెలేవీ వద్దు. చదువు సంగతి పూర్తిగా పక్కన పెట్టండి. దగ్గర కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని భయపడతాం. అలా జరగదు, అడిగితే ఇన్నాళ్ళూ ఒక్కళ్ళే మోస్తున్నది దించుకునే వీలు దొరుకుతుంది. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. విశాఖలో వాల్తేరు దగ్గర ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే ఏ వేళయినా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) క్యాజువాల్టీకి తీసుకెళ్ళండి. వాల్తేరు ఆస్పత్రిని ఊళ్ళో జనం ఏ పేరుతో పిలుస్తారో మనకి తెలుసు, ఆ పేరుకి జడిసి ఆగిపోకండి.

అలాంటివేమీ లేవు, పిల్లాడు బాగానే తింటున్నాడు, కానీ పుస్తకం చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు అంటే ఇక చదవండి.

కావలసినవి

- ఆ టెస్టు ప్రశ్నపత్రం, దాని కీ, పిల్లలు గుర్తుపెట్టిన జవాబులు. కాలేజీ ఓఎంఆర్ తిరిగి ఇవ్వకపోయినా ఏ ప్రశ్నకి ఏది పెట్టారో యాప్‌లో గానీ ప్రోగ్రెస్ షీట్‌లో గానీ ఉంటుంది.
- మూడు రంగుల పెన్నులు. ఎరుపు ఒక్కటే ఉంటే వద్దు, ఆ రంగు చూస్తేనే వాళ్ళకి చిరాకు.
- ఒక సన్న నోట్‌బుక్. లాంగ్ నోట్‌బుక్ వద్దు, అది చూడగానే పనిలా కనపడుతుంది.
- మాట్లాడకుండా పక్కన కూర్చునే ఓపిక ఉన్న పెద్దవాళ్ళు ఒక్కరు. అమ్మే కానక్కర్లేదు. మా ఇంట్లో ఆ పని మా అత్తగారు చేశారు, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ.
- నాలుగు వారాల టైం. ఒక్క వారంలో మార్కులు పెరుగుతాయని ఎవరైనా చెప్తే నమ్మకండి.

1. మెసేజ్ వచ్చిన రోజు మార్కుల మాట ఎత్తకండి

మార్కుల మెసేజ్ పిల్లల కంటే ముందు మన ఫోన్‌కి వస్తుంది. అదే చిక్కు. సాయంత్రం వాళ్ళు వెంకోజీపాలెంలో కాలేజీ బస్సు దిగేసరికి మన మొహం అప్పటికే మారిపోయి ఉంటుంది, నోటితో ఒక్క ముక్క అనకపోయినా వాళ్ళకి తెలిసిపోతుంది.

నేను చేసిన తప్పు చెప్తాను. మా పెద్దాడు ఇంటర్ ఫస్టియర్లో ఉండగా ఒక సోమవారం ర్యాంక్ లిస్ట్ వచ్చింది, సెక్షన్లో కింది నుంచి ఆరో పేరు వాడిది. ఆ రోజే మా ఆడపడుచు వాళ్ళు భోజనానికి వచ్చారు. నేను నవ్వుతూనే, "మావాడు కింది నుంచి చూస్తే టాపర్" అన్నాను. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఆ తర్వాత రెండు నెలలు నా ఫోన్ నాకంటే ముందు వాడే తీసేవాడు, కాలేజీ మెసేజ్‌లు చెరిపెయ్యడానికి. నాకు ఆ సంగతి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళేదాకా తెలీలేదు. వాళ్ళ లెక్చరర్ "మీకు మెసేజ్‌లు వెళ్తున్నాయిగా" అంటే నేను బిక్కమొహం వేశాను. దాచిపెట్టడం వాడికి నేర్పింది నేనే.

కాబట్టి ఆ రోజు ఈ రెండు వాక్యాలు చాలు: "మెసేజ్ చూశాను. రేపు సాయంత్రం ఇద్దరం కలిసి పేపర్ చూద్దాం, ముందు తిను." అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

జాగ్రత్త: అసలు చూడనట్టు నటించకండి. వాళ్ళకి తెలుస్తుంది, ఎప్పుడు బయటపడతారా అని రాత్రంతా కాచుకుని ఉంటారు, అది తిట్టుకన్నా ఎక్కువ నరకం. నాన్నకి కోపం ఆగదు అనుకుంటే ఆయన్ని ఆ గంటసేపు కూరగాయలకో పాలకో పంపండి. నిజంగానే చెప్తున్నా, నవ్వకండి, రెండు మూడు ఇళ్ళల్లో ఇది పనిచేసింది.

2. ఆ రాత్రి నిద్రపోనివ్వండి

ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కాలేజీ టైమింగులు, స్టడీ అవర్లు చూస్తే పది గంటలు మన దేశంలో కుదరదు, నాకూ తెలుసు. ఎనిమిదికి ప్రయత్నించండి, కనీసం ఏడున్నర దగ్గర ఆగండి. మార్కులు తగ్గాయి కదా అని మర్నాటి నుంచి నాలుగింటికి అలారం పెట్టడం మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. నాలుగింటికి లేచి తూలుతూ చదివిన గంట, క్లాసులో కునికిన రెండు గంటలతో సమానం.

ఫోన్ ఛార్జింగ్ హాల్లో పెట్టాలి, మనది కూడా. మనం మంచం మీద రీల్స్ చూస్తూ వాళ్ళది మాత్రం లాక్కుంటే ఆ రూల్ వారం కూడా నిలవదు.

3. పేపర్‌ని మూడు రంగుల్లోకి విడగొట్టండి

ఇదే అసలు పని, దీనికి గంట పడుతుంది, తొందరపడొద్దు. మర్నాడు సాయంత్రం ఏదైనా తిన్నాక కూర్చోండి.

తప్పయిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా పిల్లల చేతే గుర్తు పెట్టించండి:

నీలం: తెలుసు, అయినా పోయింది. మైనస్ గుర్తు మింగేశారు, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చలేదు, "కానిది ఏది" అని అడిగితే "అయినది" పెట్టారు, ఓఎంఆర్‌లో పక్క గడి నింపారు.

ఆకుపచ్చ: సగం తెలుసు. ఫార్ములా గుర్తుంది కానీ ఎక్కడ వాడాలో తట్టలేదు, లేదా మధ్యలో ఆగిపోయింది.

నలుపు: అస్సలు తెలీదు, గుడ్డిగా పెట్టారు.

పోయిన ఏడాది మా కింది ఫ్లోర్ అబ్బాయి తెచ్చిన పేపర్ చూపిస్తాను. జేఈఈ మెయిన్ మోడల్, 75 ప్రశ్నలు, రైటుకి 4, తప్పుకి మైనస్ 1, మొత్తం 300. వాడికొచ్చింది 96. ఇంట్లో పిడుగు పడ్డట్టుంది, వాళ్ళ నాన్న ఏకంగా గ్రూప్ మార్పించేద్దామా అనేదాకా వెళ్ళిపోయారు. మేం లెక్క పెడితే 31 రైటు, 28 తప్పు, 16 వదిలేశాడు. 124లోంచి 28 తీస్తే 96, సరిపోయింది. ఆ 28 తప్పుల్లో నీలం 9, ఆకుపచ్చ 8, నలుపు 11.

ఇప్పుడు చూడండి. తెలీని ఆ 11 ముట్టుకోకుండా వదిలేసి ఉంటే 11 మార్కులు మిగిలేవి. తెలిసిన ఆ 9 సరిగ్గా చేసి ఉంటే ఒక్కోదానికి పోయిన 1 తిరిగొచ్చి, పైన 4 కలిసి 5 చొప్పున 45. అంటే 96 కాస్తా 152. కొత్తగా ఒక్క చాప్టర్ చదవకుండా! ఈ లెక్క నేను వెయ్యలేదు, వాడి చేత వేయించాను. 152 దగ్గర పెన్ను ఆపి, ఇంకోసారి కూడాడు. తర్వాత, "ఈ తొమ్మిదీ నేను ఇంట్లో చేస్తే వచ్చేవే ఆంటీ" అన్నాడు. నేను ఏమీ అనలేదు. మోటివేషన్ మోటివేషన్ అని మనం వెతికేది ఆ గొంతులో ఉంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

నీలం తప్పు కనపడగానే మనకి ఒళ్ళు మండుతుంది. తెలీకపోతే పోనీ అనుకుంటాం గానీ, తెలిసి కూడా పోగొట్టాడంటే "ఇంత నిర్లక్ష్యమా" అని నోరు లేస్తుంది. అక్కడ నోరు లేస్తే రెండో ప్రశ్న నుంచి పిల్లలు అన్నిటినీ నలుపులో వేస్తారు, తెలీదంటే తిట్లు తక్కువ కదా మరి. లెక్కంతా పాడవుతుంది. రంగు వాళ్ళు చెప్పిందే రంగు. అనుమానం ఉంటే "మళ్ళీ ఒకసారి ఇక్కడ చేసి చూపిస్తావా" అనండి, చెయ్యగలిగితే నీలం.

టెన్త్ పిల్లలకి మైనస్ మార్కులుండవు, కాబట్టి రంగులు కొంచెం మార్చుకోవాలి: నీలం అంటే తెలిసీ రాయడానికి టైం చాలక వదిలేసింది కూడా. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, ఒక్కో దాంట్లో ఇలా ఆరేసి మార్కులు జారిపోతే 36 అక్కడే పోతాయి. ఈఏపీసెట్ (మన పెద్దవాళ్ళకి ఇంకా ఎంసెటే) మోడల్ పేపరైతే 160 ప్రశ్నలు, 160 మార్కులు, మైనస్ లేదు, కాబట్టి అక్కడ దేన్నీ ఖాళీగా వదలకూడదు. జేఈఈ అలవాటుతో ఈఏపీసెట్‌లో ఖాళీలు వదిలేసే పిల్లల్ని, ఈఏపీసెట్ అలవాటుతో జేఈఈలో గుడ్డిగా గీకేసే పిల్లల్ని ఇద్దర్నీ చూశాను. నీట్ కూడా రైటుకి 4, తప్పుకి మైనస్ 1, 180 ప్రశ్నలు, 720. ఏ పరీక్షకి ఏ రూలో గోడకి అంటించండి.

4. ఇరవై నిమిషాల పని ఒక్కటి ఇవ్వండి, అంతకంటే వద్దు

రంగులు వేయడం అయ్యాక అందరికీ ఆవేశం వస్తుంది. "అయితే ఈ శనివారం లోపు ఫిజిక్స్ మొత్తం రివైజ్ చెయ్యి." ఆపండి. ఆ రోజు పని: నీలం తప్పుల్లోంచి నాలుగు, పేపర్ మూసేసి, సన్న నోట్‌బుక్‌లో మళ్ళీ చెయ్యడం. అంతే. అవి తెలిసినవే కాబట్టి వస్తాయి. వచ్చాక నోట్‌బుక్ మూయించండి, ఇంకా చేస్తానన్నా సరే. రేపటికి కొంచెం ఆకలి ఉండనివ్వాలి.

మర్నాడు ఇంకో నాలుగు. నీలం అయిపోయాక ఆకుపచ్చలోంచి రోజుకి రెండు. ఆకుపచ్చకి లెక్చరర్ దగ్గరికి వెళ్ళాలి, డౌట్ క్లాసులో ఏ ప్రశ్న అడగాలో ఇప్పుడు చేతిలో ఉంటుంది కాబట్టి సిగ్గు కొంత తగ్గుతుంది. "సర్, నాకు రొటేషన్ రాదు" అనడం వేరు, "సర్, ఈ పదిహేడోది ఈ లైన్ దాకా వచ్చింది, ఆ తర్వాత ఏంటి" అనడం వేరు. నలుపుని మొదటి రెండు వారాలు ముట్టుకోకండి.

చూసి చదవడం కంటే మూసి రాయడం మేలు, ఇది బాగా పరిశోధన జరిగిన విషయమే. పుస్తకం తెరిచి నాలుగుసార్లు చదివితే "అంతా వచ్చేసింది" అనిపిస్తుంది, మూసి ఒక్కసారి రాస్తే ఏది రాలేదో తెలుస్తుంది. బైపీసీ పిల్లలకి ఇది మరీ అవసరం. హైలైటర్‌తో పేజీ మొత్తం పసుపు పూసి చదివేశామనుకుంటారు.

ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేకపోతే? ఐదు నిమిషాలకి తగ్గించండి, ఒక్క ప్రశ్న. అదీ కుదరకపోతే వాళ్ళు మంచం మీద పడుకునే ఉండనీ, మీరు ప్రశ్న పైకి చదవండి, నోటితో చెప్పించండి. పని ఎంత చిన్నదైనా ఫరవాలేదు, పూర్తవ్వాలి.

5. మెచ్చుకునే మాట మార్చండి

ఇది రాయడం తేలిక, చెయ్యడం కష్టం. "నువ్వు తెలివైనవాడివి నాన్నా, నీకేంటి" అనడం మనకి ప్రేమ. కానీ తెలివైనవాడు అనిపించుకున్న పిల్లాడికి వచ్చేవారం తక్కువొస్తే ఇక తెలివి లేనట్టే లెక్క, అందుకని కష్టమైన ప్రశ్న జోలికే వెళ్ళడు. చేసిన పనిని చూసి, చూసిందే చెప్పండి.

"టాపర్ అవుతావు చూడు" బదులు "నిన్న నాలుగు చేశావు, నాలుగూ మూసే చేశావు, నేను చూశాను."

"ఈసారి బాగా రాయి" బదులు "ఈసారి నలుపువి వదిలెయ్యి, ఎన్ని వదిలావో వచ్చి చెప్పు."

"ఫరవాలేదులే, మార్కులదేముంది" అని కూడా అనకండి. వాళ్ళకి అందులో ఏదో ఉంది కాబట్టే మొహం వాడింది. "బాధగానే ఉంటుంది, నాకూ ఉంది" అంటే చాలు.

మేం ఎంత కష్టపడి ఫీజు కడుతున్నామో తెలుసా అనే మాట ఒకటుంది. లోన్ సంగతి, అమ్మ గాజులు బ్యాంకులో ఉన్న సంగతి పిల్లలకి తెలియకూడదని నేననను, ఇంటి పరిస్థితి తెలియాలి. కానీ తెలియాల్సింది మామూలు రోజున, లెక్కల పుస్తకంలా చల్లగా. మార్కులు తగ్గిన రోజున కాదు. ఆ రోజు చెప్తే ప్రతి తప్పు ప్రశ్న పక్కన రూపాయలు కనపడతాయి వాళ్ళకి, మెదడు అక్కడే బిగుసుకుపోతుంది.

6. వారానికి ఒక పూట చదువు మాట లేకుండా

ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్ళండి, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నుంచి అలా నడవండి. లేదంటే సాయంత్రం తెన్నేటి పార్కు, మూరీ మిక్చర్ పొట్లం ఒకటి. నీళ్ళలోకి మాత్రం దిగనివ్వకండి, మన ఆర్కే బీచ్ అలలు లోపలికి లాగేస్తాయి, ఈతొచ్చినా సరే. ఆ రెండు గంటలూ కాలేజీ, ర్యాంకు, పక్కింటి పిల్ల అనే మూడు మాటలు రాకూడదు. మాటలే రాకపోయినా నష్టం లేదు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని పిల్లలు పక్కపక్కన నడుస్తుంటే, బండి వెనక కూర్చుంటే చాలా చెప్తారు.

వీలుకాదు, ఆదివారం కూడా టెస్టే అంటారా? అయితే బుధవారం రాత్రి మేడ మీద అరగంట.

7. రెండో దారి ముందే చూపించండి

"ఇది పోతే అంతే" అనే భయంతో ఏ పిల్లా బాగా చదవదు, చదివినా పరీక్ష హాల్లో చేతులు వణుకుతాయి. ధైర్యం మాటలు వద్దు, కాగితం మీద రాసి చూపించండి. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు, జనవరిలో ఒకటి, ఏప్రిల్లో ఒకటి, రెండూ రాస్తే మెరుగైనదే లెక్కలోకి వస్తుంది. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళు రాయొచ్చు. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది, అంటే కాలేజీ వాళ్ళు ఐపీఈ అని తేలిగ్గా తీసిపారేసే ఆ పరీక్షలు అంత తేలికవేమీ కాదు. ఫస్టియర్లో తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. టెన్త్‌లో సబ్జెక్టు పోతే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంది, అనుమానముంటే రీకౌంటింగ్ ఉంది.

జాగ్రత్త: రెండో దారిని బెదిరింపుగా వాడకండి. "రాకపోతే డిగ్రీలో పడేస్తాం" అన్నామంటే ఉన్న దారి కూడా మూసేసినట్టే. డిగ్రీ చదివి బాగుపడ్డవాళ్ళు మన వీధిలోనే ఎంతమంది లేరు.

8. కాలేజీతో మాట్లాడండి

మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేయడం, ర్యాంక్ లిస్ట్ గోడకి అంటించడం, క్లాసులో నిలబెట్టి మార్కులు పైకి చదవడం, ఇవి జరుగుతుంటే ఇంట్లో మనం ఎన్ని రంగులు వేసినా సగం కొట్టుకుపోతుంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు దీని మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కేసు మొదలైంది మన విశాఖలోనే, నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి చనిపోయిన ఘటనతో. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని, 100 లేదా అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో కనపడేలా పెట్టాలని అందులో ఉంది.

పోట్లాటకి వెళ్ళకండి, పిల్లలు మళ్ళీ అదే క్లాసులో కూర్చోవాలి. మర్యాదగా రెండే అడగండి: "కౌన్సెలర్ గారు ఎవరండీ, ఏ వేళలో కలవొచ్చు?" "మావాడి మార్కులు మాకు ఒక్కరికే పంపగలరా?" ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. నలుగురు తల్లిదండ్రులు ఒకే వారంలో అడిగితే వింటారు.

హాస్టల్లో ఉన్నవాళ్ళకి

పలాస నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు నుంచి పిల్లల్ని విశాఖ హాస్టళ్ళలో వేసినవాళ్ళు ఇదంతా ఎలా అంటారు. మీకున్నది ఆదివారం పది నిమిషాల ఫోన్. అందులో మొదటి ప్రశ్న మార్కులైతే మిగతా తొమ్మిది నిమిషాలూ "ఊఁ" లే వినపడతాయి. "ఈ వారం మెస్సులో ఏం బాలేదు?" అని మొదలుపెట్టండి, బాలేనివాటి గురించి ఎవరైనా మాట్లాడతారు, అక్కడి నుంచి మిగతావి వస్తాయి. రంగుల నోట్‌బుక్ వాళ్ళే చేసుకుంటారు, ఔటింగ్‌కి వెళ్ళినప్పుడు చూడండి. ఏడుస్తూ "ఇంటికొచ్చేస్తా" అంటే వెంటనే "సర్దుకో" అనకండి. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, తింటున్నావా, ఎవరైనా ఏమైనా అంటున్నారా" అడగండి. జవాబు నసిగినట్టుంటే మర్నాడే బస్సెక్కి వెళ్ళండి, ఆదివారం దాకా ఆగొద్దు.

మనవాళ్ళు ఎక్కువగా చేసే ఇంకొన్ని తప్పులు

బండి కొనిస్తా, ఫోన్ కొనిస్తా అనడం. మొదటి వారం పనిచేస్తుంది, మూడో వారానికి బేరం మొదలవుతుంది.

రోజుకొక స్ఫూర్తి వీడియో పంపడం. గుడిసెలో పుట్టి కలెక్టరైన ఆయన కథ మంచిదే, కానీ చూస్తున్న పిల్లాడికి వినపడేది "నీకు అన్నీ ఉన్నాయి, అయినా" అని.

పోలిక. ఇది అందరికీ తెలుసు, అందరం చేస్తాం. "నేను పోల్చట్లేదు గానీ, ఆ శ్రావ్య చూడు" అని మొదలయ్యే వాక్యం పోలికే.

ఇంట్లో ఇద్దరూ రెండు రకాలుగా మాట్లాడటం. అమ్మ పేపర్ దగ్గర నెమ్మదిగా కూర్చుంటుంది, నాన్న వచ్చి "ఇవన్నీ కాదు, తొక్కితే చదువుతాడు" అంటారు. ముందు మీరిద్దరూ వంటింట్లో ఒక మాట మీదికి రండి.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?

మొత్తం మార్కులు చూడకండి, టెస్టు టెస్టుకీ కష్టం మారుతుంది కాబట్టి అవి ఊగుతాయి. నోట్‌బుక్ చివరి పేజీలో వారానికి మూడు అంకెలు రాయండి: నీలం ఎన్ని, గుడ్డిగా పెట్టినవి ఎన్ని, పుస్తకం ముందు కూర్చున్నాక మొదటి ప్రశ్న మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టింది. కింది ఫ్లోర్ అబ్బాయికి నీలం వరసగా 9, 8, 8, 5. రెండో వారం, మూడో వారం దాదాపు కదల్లేదు, వాళ్ళమ్మ రోజూ నాకు ఫోన్. కదలదు, మధ్యలో అలాగే ఉంటుంది, పట్టించుకోకండి.

అంకెల కంటే ముందు కనపడే గుర్తు ఒకటుంది: మీరు అడగకుండానే పేపర్ తీసుకొచ్చి బల్ల మీద పెడతారు. తక్కువొచ్చిన పేపరైనా సరే. మావాడు అలా పెట్టడానికి, నా నోటి దురుసు పుణ్యమా అని, ఏడు వారాలు పట్టింది.

నాలుగు వారాలు ఒక్కరోజు మానకుండా చేసినా నీలం తగ్గట్లేదంటే తొందర ఎక్కువైందన్నమాట, టెస్టులో చివరి పది నిమిషాలు కొత్త ప్రశ్నలు ముట్టుకోకుండా చేసినవి సరిచూడమనండి. నీలం తగ్గి ఆకుపచ్చ అక్కడే ఉంటే సమస్య మనసుది కాదు, కింది క్లాసులో పునాదిది. త్రికోణమితి రానివాడికి ఇంటర్ ఫిజిక్స్ వెక్టార్లు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కవు. టెన్త్ లెక్కల పుస్తకం తీసి ఆ చాప్టర్ ఒక్కటి వారం రోజులు చేయించండి. పుస్తకాలన్నీ పాత పేపర్ల అబ్బాయికి తూకానికి వేసేసి ఉంటే, కింది క్లాసు పిల్లలున్న ఇంట్లో అడిగి ఒక వారానికి తెచ్చుకోండి.